జపాను కొండరైతులు – చుక్కల చేపలు

పశువునకు సుడులు చూచి, కోడెకు మూపురము చూచి, పుంజునకు ఈకల వన్నె చూచి మంచిచెడ్డలు నిర్ణయించుట మన పల్లెలలోని పెద్దలకు వెన్నతో పెట్టిన విద్య. ఇది డేగ, ఇది కాకి, ఇది నెమలి యని పుంజులకు వన్నెనుబట్టి పేళ్లు పెట్టుటయు, దేనికి దేనిని కలిపిన ఎట్టి పిల్ల పుట్టునో ముందుగా ఊహించి చెప్పుటయు మనకు క్రొత్తగాదు. అయితే నీటిలో తిరుగు చేపకు వన్నెయు మచ్చయు చూచి, తరతరములుగా దాని వంశమును కాపాడిన రైతులు లోకమున కలరా యని యెవరైన అడిగినచో, కలరనియే చెప్పవలెను. వారు జపాను దేశపు కొండపల్లెలలోని వరిరైతులు. వారు పెంపొందించిన చేపకు నిషికిగోయి యని పేరు. నిషికి యనగా జరీపనితో రంగురంగుల పూవులు నేసిన పట్టువస్త్రము. కోయి యనగా మంచినీటిలో పెరుగు ఒక జాతి చేప. పట్టుచీర కట్టిన చేప యని మనము అర్థము చెప్పుకొనవచ్చును. ఈ చేప చరిత్రమును, అందు మిక్కిలి అరుదుగా కనబడు చుక్కల వింతను గూర్చి నేడు ముచ్చటింతము.

జపాను ద్వీపములలో పెద్దదగు హొన్షూ ద్వీపమునకు పడమటి తీరమున నీగత యను మండలము కలదు. అందు నాగఓక, ఓజియా యను పట్టణములకు చేరువనున్న కొండలనడుమ కొన్ని చిన్న పల్లెలు కలవు. పూర్వము ఆ ప్రదేశమును ఇరువది గ్రామముల సీమ యను అర్థమిచ్చు పేరుతో పిలుచుచుండిరి. దాని నడుమనున్న భాగమే యమకోషి. శీతకాలమున ఉత్తరపు చలిగాలులు సముద్రముమీదుగా వచ్చుచు తేమను మోసికొనివచ్చి ఈ కొండలకు తగిలి మంచుగా కురియును. నిలువెత్తునకు మించి మంచు పేరుకొనును. ఇండ్లనుండి బయటికి వచ్చుటకు దారులు త్రవ్వుకొనవలసియుండును. ఒక పల్లెకును మఱియొక పల్లెకును నెలల తరబడి రాకపోకలు నిలిచిపోవుచుండెను. సముద్రపు చేప ఆ కొండలకు చేరుట కష్టము.

అట్టి చోట రైతులు కొండవాలులను మెట్లుమెట్లుగా చెక్కి వరిమళ్లు చేసిరి. పెద్ద యేఱు లేదు. పై మెట్టుమీద చిన్న కుంటలు త్రవ్వి, కరిగిన మంచునీటిని అందు నిలువచేసి, క్రింది మళ్లకు వదలుకొనుచుండిరి. నీరున్నచోట చేపను పెంచిన చలికాలమున కూరకు కొదువ యుండదు గదా యని ఆ కుంటలలో కోయి చేపలను విడిచిరి. ఆ పల్లెలలో పట్టుపురుగుల పెంపకము కూడ కలదు. దారము తీసిన పిదప మిగిలిన పురుగులను చేపలకు మేతగా వేయుచుండిరి. మంచు పడకముందే చేపలను పట్టి, ఇంటి ప్రక్కనున్న గుంటలోనికి మార్చుకొని, శీతకాలమెల్ల కావలసినప్పుడు తీసికొని వండుకొనుచుండిరి. ఈ చేప వన్నెకాదు గదా, దాని రూపు నల్లమట్టివలె సాదాగా నుండెడిది. అది అలంకారమునకు పెంచినది కాదు, కడుపునకు పెంచినది.

అట్లు పెంచుచుండగా 1804 మొదలు 1830 వఱకు నడచిన కాలములో, జపాను వారు బుంకా, బున్సే యని పిలుచుకొను యుగములలో, ఆ నల్లని చేపల గుంపులో అక్కడక్కడ ఒక ఎఱ్ఱనిదియు, ఒక తెల్లనిదియు, పొట్టక్రింద ఎఱ్ఱని జీర గలదియు కనబడసాగెను. ఇట్టి మార్పు ఏ ప్రాణికైనను అప్పుడప్పుడు కలుగును. మన గొఱ్ఱెల మందలో ఒక వింతరంగు పిల్ల పుట్టినప్పుడు కాపరి చూచి మఱచును, లేక అమ్మివేయును. ఆ కొండరైతులు మాత్రము ఆ చేపను వండుకొనక వేఱుగా ఉంచిరి. ఈ కళకు మొదలు అంతమాత్రమే. పొడవైన శీతకాలము, చేయుటకు వేఱు పనిలేని దినములు, ఇంటి ప్రక్కనే గుంట, ఆ గుంటలో నల్లని చేపలనడుమ మెఱయు ఒక ఎఱ్ఱని మచ్చ! ప్రతిదినము దానిని చూచుచు, దాని పిల్లలెట్లుండునో యని ఎదురుచూచిరి. ఎఱ్ఱదానిని తెల్లదానితో జతకూర్చిరి. పుట్టినవానిలో రెండు వన్నెలు కలిసినవానిని ఏరి మఱల జతకూర్చిరి.

కొలదికాలమునకు ఈ వేడుక వ్యాపారమయ్యెను. 1875 ప్రాంతములకు వన్నెచేపలకు గిరాకి పెరిగి, కొన్ని చేపలు చాల వెలకు అమ్ముడుపోజొచ్చెను. రైతులు వ్యవసాయమును విడిచి జూదమునకు దిగుచున్నారని మండలాధికారులు శంకించి, అలంకారపు చేపల పెంపకమును నిషేధించిరి. అధికారుల శంక నిరాధారమని చెప్పజాలము. ఒక మచ్చను చూచి ఆస్తి ధారపోయుట జూదమునకు దూరము కాదు. అయినను గ్రామస్థులు విన్నపములు చేసికొనగా ఆ నిషేధము కొలదికాలమునకే తొలగింపబడెను. ఆ విన్నపములు ఫలింపకపోయినచో ఈ జాతి అంతటితో కూరచట్టిలో అంతరించెడిదేమో!

తరువాత నిలకడగల వంశములు ఒకటొకటిగా ఏర్పడెను. మొదటిది కోహకు, అనగా ఎఱుపు-తెలుపు. మంచువంటి తెల్లని మేనిమీద ఎఱ్ఱని మచ్చలు గలది. 1889 ప్రాంతమున హిరోయి కునిజో యను రైతు, తలమీద ఎఱుపుగల ఆడుచేపను తన యొద్దనున్న మచ్చల మగచేపతో జతకూర్చి, ఆ సంతతినుండి ఈ వంశమును స్థిరపఱచెనని చెప్పుదురు. నేటికిని ఆ దేశమున చేపల తీర్పరులు కోహకునే మూలమని యెంతురు. రెండవది సంకే. తెల్లని మేనిమీద ఎఱ్ఱని మచ్చలతోబాటు చిన్నచిన్న నల్లని చుక్కలుగలది. దీనిని 1917లో హోషినో ఎయిజబురో స్థిరపఱచెను. మూడవది షోవా. 1927లో హోషినో జూకిచి యను రైతు పసుపునలుపుల చేపను కోహకుతో కలిపి దీనిని సాధించెను. చక్రవర్తుల పరిపాలన కాలములను బట్టి సంకేకు తైషో యనియు, దీనికి షోవా యనియు పేళ్లు వచ్చెను.

సంకే, షోవా రెండును మూడువన్నెల చేపలే. చూపరికి ఒక్కటివలె తోచును. భేదము నలుపులో నున్నది. సంకేలో నలుపు చుక్కలు చుక్కలుగా వీపుమీద నుండును, తలమీద నుండదు. షోవాలో నలుపు పొట్టక్రిందినుండి వీపుమీదికి చుట్టుకొనివచ్చును. తలమీద కూడ ఎక్కును. ముందరి రెక్కల మొదలను అంటుకొనియుండును. తెల్లబట్టపై సిరా చిలుకరించినది సంకే. నల్లనేలపై తెల్లముగ్గును ఎఱ్ఱముగ్గును పెట్టినది షోవా యని పోల్చుకొనవచ్చును.

ఈ చేపల పేరు కొండలు దాటి లోకమునకు తెలిసినది 1914లో. ఆ యేట టోక్యో నగరమున ఒక గొప్ప ప్రదర్శనము జరిగెను. ఆ కొండపల్లెలవారు తమ చేపలను అక్కడికి కొనిపోయి చూపిరి. చూచినవారు ఆశ్చర్యపడిరి. కొన్ని చేపలు యువరాజునకు సమర్పింపబడి రాజభవనపు అగడ్తలో విడువబడెను. అంతవఱకు ఇరువది గ్రామముల ముచ్చటగానున్నది దేశపు ముచ్చట అయ్యెను.

వన్నెలందు కొన్నింటిని మనుష్యుడు పట్టుదలతో సాధింపగలడు, కొన్నింటిని సాధింపజాలడు. ఈ భేదము తెలిసికొనిననే ఈ కళ యొక్క మర్మము బోధపడును. దీనికి రెండు దృష్టాంతములు చెప్పెదను.

మొదటిది పొలుసులను గూర్చినది. 1904లో జర్మనీ దేశమునుండి పొలుసులు చాల తక్కువగానుండు ఒక జాతి చేప ఆహారమునకై జపానునకు తేబడెను. 1910లో అకియామ యోషిగోరో అను నతడు దానిని అసగి యను నీలివన్నె చేపతో జతకూర్చెను. పుట్టిన పిల్లకు దేహమెల్ల నున్నగా, వీపు నడుమ మాత్రము పెద్ద పొలుసులు జడకుచ్చులవలె వరుసదీరి కనబడెను. దానికి షూసుయి, అనగా శరత్కాలపు నీరు అని పేరు పెట్టిరి. పొలుసు లేకపోవుట తల్లిదండ్రులనుండి పిల్లలకు లెక్కప్రకారము వచ్చు గుణము. కనుక అది త్వరగా చేతికి వచ్చెను.

రెండవది బంగారువన్నె. 1921 ప్రాంతమున యమకోషి యందలి అవోకి సవత యను రైతునకు వీపుమీద బంగారు జీరగల ఒక చేప లభించెను. అతడును అతని కుమారుడును దాని సంతతిలో బంగారుచాయ కొంచెము ఎక్కువగానున్న పిల్లలను ఏటేట ఏరుచు, వానిని మఱల జతకూర్చుచు వచ్చిరి. సుమారు 25 ఏండ్లు గడచిన పిమ్మట, 1946–47 ప్రాంతమున, దేహమెల్ల బంగారువలె మెఱయు ఓగోన్ అను చేప పుట్టెను. ఆ నడుమ ఘోరమైన యుద్ధము జరిగి ముగిసెను. ఆహారమునకు కటకటలాడు దినములలో కూరచేపలకు చోటుంచి వన్నెచేపలను నిలుపుకొనుట ఎట్టి పట్టుదలయో మనము ఊహించుకొనవచ్చును. ఒక్క రంగు ఒంటినిండ నుండవలెనన్న కోరిక, ఓర్పుగలవానికి తీరు కోరికయే. తండ్రి తరములో కాకున్న కొడుకు తరములో తీరును.

ఇక తీరని కోరికలు రెండు కలవు. అవియే చుక్కల వింతలు.

అందు మొదటిది తంచో. జపానులో తంచో యనగా నెత్తిమీద ఎఱ్ఱని మచ్చగల ఒక జాతి కొంగ. ఆ దేశమున దానిని దీర్ఘాయువునకు గుఱుతుగా భావింతురు. దేహమెల్ల తెల్లగా నుండి, నెత్తిమీద మాత్రము ఒకే యొక్క గుండ్రని ఎఱ్ఱని బొట్టుగల చేపకు ఆ కొంగ పేరే పెట్టిరి. ముత్తైదువ నొసట దిద్దిన కుంకుమబొట్టువలె అది సరిగా నడుమనుండవలెను, కన్నులను తాకరాదు, ముక్కుమీదికి జాఱరాదు, అంచు చెదరరాదు, ఒంటిమీద మఱియొక్క ఎఱ్ఱచుక్క యుండరాదు. ఉదయించు సూర్యుని గుఱుతుగల జపాను పతాకమును కూడ ఇది తలపించును. అందుచేత దీనిమీద ఆ దేశీయులకు మక్కువ మెండు.

అయితే తంచో అనునది ఒక వంశము కాదు. కోహకు సంతతిలోనో, సంకే సంతతిలోనో, షోవా సంతతిలోనో అది యాదృచ్ఛికముగా పుట్టును. నొసట బొట్టున్న ఆడుదానిని, నొసట బొట్టున్న మగదానిని జతకూర్చితిమేని పిల్లలకెల్ల నొసట బొట్టుండునని తోచును గదా! అట్లు జరుగదు. కొన్ని తెల్లగా పుట్టును. కొన్నింటికి ఎఱుపు వీపుమీద నుండును. కొన్నింటికి తోకయొద్ద నుండును. నొసటికి చేరునవి ఏ కొన్నియో. కోహకుల జతకు కూడ ఒకే కాన్పులో పూర్తిగా తెల్లనివియు, పూర్తిగా ఎఱ్ఱనివియు, రెండును కలిసినవియు పుట్టును.

రెండవ వింత కనోకో. కనోకో యనగా లేడిపిల్ల. మన చుక్కలలేడి చర్మముమీద చుక్కలెట్లుండునో, ఈ చేప ఒంటిమీద ఎఱ్ఱచుక్కలు అట్లుండును. ముడులు కట్టి అద్దకము వేసిన ఒక విధమైన చుక్కలవస్త్రమునకును ఆ దేశమున ఇదే పేరు. సాధారణముగా కోహకు ఒంటిమీద ఎఱుపు పెద్ద మచ్చగా, అనేక పొలుసులను కప్పుచు, గుడ్డముక్క అతికినట్లుండును. కనోకోలో అట్లుగాక, ఒక్కొక్క పొలుసు నడుమ ఒక్కొక్క ఎఱ్ఱబొట్టు. చుట్టును తెల్లని అంచు. దాని ప్రక్క పొలుసుమీద మఱియొక బొట్టు. ఎవరో తీరికగా కూర్చుండి వ్రేలికొనతో బొట్లు పెట్టినట్లు కనబడును.

చిన్నపిల్లలలో ఇట్టి చుక్కలు అప్పుడప్పుడు కనబడుచుండును. కాని వానిని నమ్మరాదు. కొన్నింట ఆ చుక్కలు కాలక్రమమున ఒకటితో నొకటి కలిసి మామూలు మచ్చయగును. మఱికొన్నింట అవి చెదరి, పలుచబడి, చివరకు మాయమైపోవును. చుక్క చుక్కగానే నిలిచి, చేప మూరెడు పొడవు పెరిగినను చెక్కుచెదరక యుండుట మిక్కిలి అరుదు. కావున కనోకోను కొనువాడు అందమును కొనుటయేగాక అనిశ్చయమును కూడ కొనుచున్నాడు. ఈ యేడు చూచినది పైయేడు ఉండునో లేదో యెవరును చెప్పలేరు. తంచోవలెనే ఇదియు కోరి పుట్టింపదగినది కాదు.

ఇట్లేల జరుగుచున్నదని అడుగవచ్చును. నేటి శాస్త్రజ్ఞులు చెప్పు విషయమును తేటమాటలలో చెప్పెదను. చేప చర్మములో రంగు నిలుపు కణములు అనేక విధములు. నలుపును నిలుపునవి కొన్ని. పసుపు ఎఱుపులను నిలుపునవి కొన్ని. వెలుతురును వెనుకకు కొట్టి వెండివలె మెఱయునవి కొన్ని. ఇవి యెల్ల చేప గ్రుడ్డులో నుండగానే వీపుభాగమున పుట్టి, అక్కడినుండి ఒంటిమీదికి ప్రయాణముచేసి తమతమ తావులలో స్థిరపడును. తల్లిదండ్రులు పిల్లకిచ్చునది ఈ కణముల శక్తియు, వాని వన్నె గాఢతయు. ఏ కణము ఏ పొలుసుక్రింద ఆగవలెనో మాత్రము తుదివఱకు ఎవరును వ్రాసి యీయలేదు. వెదజల్లు పద్ధతిని విత్తువాని చేతిలో మేలైన విత్తనముండవచ్చును, చేయి నేర్పుగలది కావచ్చును; అయినను ఏ గింజ ఏ చాలులో పడునో అతడు నిర్ణయింపగలడా?

ఎఱుపును గూర్చి మఱియొక సంగతి కలదు. ఎఱుపునకు కావలసిన మూలద్రవ్యమును చేప స్వయముగా చేసికొనజాలదు, తిండినుండి తెచ్చుకొనవలెను. నీటిలోని పాచి, చిన్న పురుగులు మొదలగువానిలో అది యుండును. నీటి గుణము, వేడిమి, నేల స్వభావము కూడ వన్నెను మార్చును. లవణములు తక్కువగానున్న మెత్తనినీరు ఎఱుపునకు మంచిదనియు, కఱకునీరు నలుపును పైకి తెచ్చుననియు పెంపకదార్ల అనుభవము. ఆ కొండలమీద కరిగిన మంచునీరును, బంకమట్టి కుంటలును ఈ జాతికి అమరిన ఉయ్యాలతొట్టి యని చెప్పుటకు ఇదియే కారణము.

మచ్చను కోరి పుట్టింపలేమన్నప్పుడు పెంపకదారు చేయగలిగిన దేమి? ఏరుట. ఈ కళయంతయు ఏరుటలో నున్నది. వసంతము ముగిసి వేసవి వచ్చుకాలమున ఒక ఆడుచేపను రెండు మూడు మగచేపలతో ఒక తొట్టిలో విడుతురు. పెద్ద ఆడుచేప ఒక్కసారికి లక్షలకొలది గ్రుడ్లు పెట్టును. అవి జిగటగానుండి, వేసియుంచిన నారకుచ్చులకు అంటుకొనును. మూడు నాలుగు దినములలో పిల్లలగును. షోవా జాతిలోనైన పొదిగిన కొలది దినములకే నల్లనివానిని ఉంచి, తక్కినవానిని తీసివేయుదురు. కోహకు జాతిలోనైన నెల దాటువఱకు వేచి, వంకరవానిని, పూర్తిగా తెల్లనివానిని, పూర్తిగా ఎఱ్ఱనివానిని ఏరివేయుదురు. తరువాత కొన్ని వారములకు మఱియొకసారి, మఱల మఱియొకసారి. తెల్లని గిన్నెలో పిల్లలను పోసికొని, పొద్దువాలువఱకు వంగికూర్చుండి ఒక్కొక్కదానిని చూచి తీయవలెను. లక్షలలో నుండి శరత్కాలమునకు మిగులునవి కొన్ని వందలు. మంచు పడకముందు కొండకుంటల నీరు వదలి వానిని ఇంటికి తెచ్చుకొనుట ఆ పల్లెలలో పంట యింటికి వచ్చినంత పండుగ.

ఈ యేరుటలో వారు వాడు ఒక మాటను మనము గుర్తింపవలెను. తతెగోయి యని వారందురు. ఈ దినమున అందముగానున్న చేపకు ఆ పేరు లేదు. ముందు ముందు అందగించునని నమ్మి నిలుపుకొను చేపకు ఆ పేరు. నలుపు ఇంకను పైకి రాక చర్మముక్రింద నీలినీడవలె నున్నది; ఎఱుపు పలుచగానున్నది; కాని ఎముక బలమైనది, వంశము మంచిది. దానిని అమ్మక ఇంకను మూడేండ్లు, నాలుగేండ్లు పెంచవలెను. అంచనా తప్పినచో మేత ఖర్చు దండుగ. ఈడు వచ్చిన కన్నుగల వృద్ధులకే ఈ తీర్పు సాధ్యము. అందుచేత ఆ యిండ్లలో తాత కుంటగట్టున కూర్చుండి చెప్పిన మాటకు విలువ యున్నది; మనుమడు దానిని ప్రక్కన నిలిచి వినును. గ్రంథములలో వ్రాసినది కొంత. కంటితో కంటికి అందినది మిక్కిలి.

ఇట్లు నూఱేండ్లకు మించి పోగుచేసిన విద్యకు ఒక్క సాయంకాలమున ప్రాణాపాయము వచ్చెను. 2004వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీన నీగత మండలమున గొప్ప భూకంపము కలిగెను. దాని ప్రమాణము 6.8. ఆ కొండలు గట్టి రాతికొండలు కావు. మెత్తని మట్టిఱాతి కొండలు. మెత్తనివగుటచేతనే పూర్వులు వానిని మెట్లుగా చెక్కగలిగిరి; బంకమట్టి గలవగుటచేతనే కుంటలలో నీరు నిలిచెను. ఏ గుణము వారికి అన్నము పెట్టెనో, ఆ గుణమే ఆ రాత్రి శత్రువయ్యెను. కొండలు జాఱిపడి మళ్లను, కుంటలను, దారులను మ్రింగివేసెను. విఱిగిపడిన మట్టి ఇమో యను యేటికి అడ్డముపడగా నీరు వెనుకకు తన్ని, ఏటి యొడ్డుననున్న ఇండ్లను ముంచెను. యమకోషి గ్రామస్థులు రెండువేలకు మించినవారు. రెండు దినములలో వారినెల్ల ఆకాశమార్గమున హెలికాప్టర్లలో నాగఓకకు తరలించిరి. ఊరు ఊరంతయు ఖాళీయయ్యెను.

అది చేపలను ఇంటికి తెచ్చు మాసము. కొన్ని కుంటలు తెగి చేపలు బురదపాలయ్యెను. ఇంటి తొట్లలో చేరియున్నవానికి విద్యుచ్ఛక్తి ఆగిపోగా గాలి అందక ఊపిరాడదయ్యెను. తమ యిండ్లు కూలిపోయినవని తెలిసినవారే, తల్లిచేపలు ఏమైనవో యని దుఃఖించిరి. ఇది పైకి వింతగా తోచును. కాని విత్తనపుగాదె తగులబడిన రైతునకు ఈ దుఃఖము అర్థమగును. ఈ యేటి పంట పోయిన వచ్చు నేడు పండును. విత్తనము పోయిన ఏమి పండును? కుంటలను మఱల త్రవ్వవచ్చును. అయిదారు తరములు ఏరి నిలిపిన వంశమును మఱల ఎక్కడినుండి త్రవ్వి తీయగలము? అందుచేత వారు అనుమతి పొంది, పాడుపడిన ఊరికి పోయి, బ్రదికియున్న తల్లిచేపలను తొట్లలోనికెత్తి, హెలికాప్టర్లకు వ్రేలాడదీసి కొండ దింపించిరి. ఇతర పల్లెలలోని పెంపకదారులు వానికి తమ కుంటలలో చోటిచ్చిరి.

2005 ఏప్రిలు 1వ తేదీన యమకోషి నాగఓక నగరములో కలిసిపోయెను. 2007వ సంవత్సరాంతమునకు తిరిగివచ్చువారు తిరిగివచ్చిరి, అందఱును రాలేదు. తరువాతి యేండ్లలో పడుచువారు పట్టణములకు పోగా గ్రామ జనసంఖ్య పూర్వమున్నదానిలో సగమునకన్న తక్కువయ్యెను. 2021లో సుమారు 800 మంది మిగిలియుండగా, ఆ యూరివారు ఒక క్రొత్త ఉపాయము పన్నిరి. వన్నెచేప బొమ్మగల ఎలక్ట్రానికు నివాసపత్రములను లోకమున కోరినవారికి అమ్మి, దూరముననున్నవారిని తమ యూరివారినిగా చేర్చుకొనిరి. అట్టి పౌరుల సంఖ్య కొలదికాలములోనే నిజముగా ఊరిలోనున్నవారి సంఖ్యను మించెను. పత్రము కొన్నవారు వచ్చి మడి దున్నరుగదా యని మనము నవ్వవచ్చును. అయినను, పాడుపడనున్న ఊరిని లోకము పూర్తిగా మఱచిపోకుండ నిలిపినది ఆ చేపయే గదా!

ఈ చేపలకు లోకమునందున్న గిరాకిని గూర్చియు ఒక మాట చెప్పవలెను. 2018లో ఒక కోహకు చేప వేలములో 20 కోట్ల 30 లక్షల యెన్‌లకు అమ్ముడుపోయెను. 1875లో అధికారులు పడిన శంక మనకిక్కడ మఱల జ్ఞప్తికి వచ్చును. ధనము ప్రవేశించినచోట దురాశయు, దానివెంట అపాయమును ప్రవేశించును. చేపలు దేశదేశములకు పోవుటతో వాని రోగములును పోయినవి. 1998లో ఇజ్రాయేలు, అమెరికా దేశములలో కనబడిన ఒక విషరోగము 2003లో జపానునందలి కసుమిగవుర సరస్సులో ప్రవేశించి, ఆహారమునకై పెంచు కోయి చేపలను గుంపులుగుంపులుగా చంపెను. ఆ రోగము మనుష్యులకు అంటదు. కాని ఒక కుంటలో ప్రవేశించినచో వన్నెచేపకు, కూరచేపకు భేదము చూడదు. భూకంపమునకు ముందటి యేడే ఇది జరుగుటచే పెంపకదారులు రెండు దెబ్బలు వరుసగా తినిరి. క్రొత్తగా కొన్న చేపను వెంటనే పాతవానిలో కలుపక కొన్ని వారములు వేఱుగా నుంచవలెనను నియమము అప్పటినుండి గట్టిపడెను. సంతనుండి తెచ్చిన పశువును మందలో కలుపకముందు మన పెద్దలు వేఱుగా కట్టుటయు ఇట్టిదే.

ఈ కొండలలో వరిని, చేపను కలిపి సాగించు పద్ధతిని 2017లో జపాను ప్రభుత్వము దేశమున ముఖ్యమైన వ్యవసాయ వారసత్వముగా గుర్తించెను. వరిమడికి నీరిచ్చు కుంటలో చేప పెరుగుట, చేపకు కుంట కావలసియుండుటచే కుంట పూడిపోకుండుట, కుంట యుండుటచే క్రిందిమడి యెండకుండుట, ఇవి ఒకదానికొకటి ఊతగా నున్నవి. చేపను మాత్రము కొనిపోయి పట్టణపు అద్దపుతొట్టిలో ఉంచినవాడు ఈ సంబంధమును చూడజాలడు.

మనకును ఈ చేప కేవలము పరాయిది కాదు. మన ఆంధ్రదేశపు చెఱువులలో బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసులతోబాటు పెంచు బంగారుతీగ దీనికి దాయాదియే. 1939లో పొలుసులు తక్కువగల జర్మనీ రకము సింహళమునుండి నీలగిరికి తేబడెను. 1957లో బాంకాకు రకము కటకమునకు తేబడి, అక్కడినుండి దేశమంతట వ్యాపించెను. జపాను కొండలలో పట్టుచీర కట్టినదియు, మన చెఱువులలో కూరకు వచ్చునదియు ఒకే యింటి పిల్లలని తెలిసినప్పుడు, ప్రాణుల వన్నె వాసిలో మనుష్యుని కంటికిని ఓర్పునకును ఎంత పాలున్నదో తేటపడును. చేపలో భేదము తక్కువ. చూచిన కన్నులో భేదము ఎక్కువ. ఇచ్చట ఒక హెచ్చరిక కూడ అవసరము. అలంకారమునకు తెచ్చిన పరదేశపు చేపను విసుగుపుట్టినదని ఊరి చెఱువులో విడుచుట తగదు. అది అడుగుమన్ను త్రవ్వి నీటిని మురికిచేయును. స్థానికపు చేపల మేతను పంచుకొనును. రోగమున్నచో రోగమును పంచును.

ఈ చరిత్రమునుండి గ్రహింపవలసినది ఒక్కటి కలదు. నొసటి బొట్టును, లేడిచుక్కను కోరి తెచ్చుకొనుట ఆ కొండరైతులకు నూఱేండ్లకు మించి సాధ్యము కాలేదు. శాస్త్రము పెరిగిన నేడును సాధ్యము కాలేదు. అయినను ఆ చుక్క ఎప్పుడైన పుట్టవలెనన్న, మంచి తల్లి యుండవలెను, మంచి నీరుండవలెను, పుట్టినప్పుడు గుర్తించు కన్ను గట్టుమీద నుండవలెను. ఈ మూడును వారు కాపాడుకొనిరి. ఆపద వచ్చినప్పుడు వారు హెలికాప్టరునకెత్తినది బహుమానములు పొందిన చుక్కలచేపలను మాత్రమే కాదు, చుక్కలేకున్నను చుక్కలను కనగల తల్లిచేపలను. మన పల్లెలలో అంతరించిపోవుచున్న దేశవాళీ పశువులను, వరివిత్తులను గూర్చి ఆలోచించు పెద్దలు ఈ సంగతిని మనసున నుంచుకొందురు గాక. మచ్చ దైవాధీనము, వంశమును నిలుపుట మన యాధీనము.